రథము దిగిన మాట

పోయిన మాఘమున ఒక ఆదివారము ఉదయము, కోరుట్లలోని మా పాతయింటి అరుగుమీద కూర్చుండి నేను ఎండ కాచుకొనుచుండగా, జగిత్యాలలో చదువుకొనుచున్న మా తమ్ముని కొడుకు వచ్చి నా చేతిలో ఒక కాగితము పెట్టెను. అతడును అతని నేస్తులును కలిసి పురపాలక సంఘమువారికి ఇయ్యదలచిన విన్నపమది. జగిత్యాల నడిబొడ్డున నిజాము కాలపు గడియార స్తంభము చుట్టునున్న వీధులలో, వారమునకు ఒక్క సాయంకాలమైనను మోటారు వాహనములను రానీయక, ఆ నేలను మనుష్యులకు విడిచిపెట్టవలెనని దాని సారాంశము. వాక్యములు పొందికగా నుండెను; పిల్లవాని వ్రాతకు నాకు సంతోషమే కలిగెను; కాని విన్నపమునకు తలమానికము కావలసిన మాట మాత్రము తెలుగు లిపిలో నున్న ఇంగ్లీషు: కార్ ఫ్రీ స్ట్రీట్.

"పెద్దబాపూ, దీన్ని తెలుగుల ఏమంటరు?" అని యడిగెను.

ముప్పదియేండ్లు బడిపిల్లలకు తెలుగు చెప్పినవాడనయ్యు, ఆ ప్రశ్నకు తత్క్షణమే సమాధానము చెప్పలేకపోయితిని. నేస్తులలో ఒకడు దానిని "ఉచిత కారు వీధి" యని తెనిగించినాడట. వానిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పలేదు. ఏలయన మన అంగళ్లలో ఫ్రీ యను మాటకు వెల లేనిదను అర్థమొక్కటే చెల్లుబడిలో నున్నది. విడుదల యను రెండవ యర్థము ఆ మాట వెంట మన యూళ్లదాక రాలేదు. సాయంత్రములోగా ఆలోచించి చెప్పెదనని అతనిని పంపితిని గాని, ఆ సాయంత్రము మాత్రమే కాదు, తరువాతి పక్షము దినములును ఆ మాట నన్ను విడువలేదు.

మొదట "వాహనరహిత వీధి" యని వ్రాసి చూచితిని. వ్యాకరణమున దోషమేమియు లేదు. పత్రికలవారు వాడుచున్నదియు నదియే. కాని రహిత శబ్దము వెంట ఎల్లప్పుడును ఒక లేమి నడచి వచ్చును. విద్యారహితుడు, ధనరహితుడు, జలరహితమైన తటాకము అనుచోట్ల ఉండవలసినది లేకపోయినదను చింత ధ్వనించును. ఆ వరుసలో వాహనరహిత వీధిని నిలిపినచో, వాహనములుండుటయే వీధికి సహజస్థితి యైనట్లును, అవి లేకుండుట ఒక కొరత యైనట్లును తోచును. "వాహన నిషిద్ధ ప్రాంతము" అందుకన్న కఠినము. అది రక్షకభటుల సూచన పలకల భాష. ఆ మాట కంటికి ఆపబడినవాడొక్కడే కనబడును, లోనికి పిలువబడినవాడు కనబడడు. "పాదచారి వీధి" కొంత మేలు. కాని వీధికి నడక యొక్కటే ప్రయోజనమా? మా వీధులలో నడచినవారికన్న నిలుచున్నవారు, నిలుచున్నవారికన్న కూర్చున్నవారు ఎక్కువగా నుండిన కాలము నేనెరుగుదును.

లేమిని చెప్పు మాటలన్నియు లేమియందే నిలిచిపోవునని మాత్రము నేననను. ఆరోగ్యమను మాటను విప్పి చూచినచో రోగము లేకుండుట తప్ప అందు మరియొకటి లేదు. అయినను, నేడు ఆ మాట విన్నవానికి రోగము స్ఫురింపదు, నిండైన యొక సంపద స్ఫురించును. అభయము, అహింస యను మాటలదియు నిదే కథ. వేలయేండ్లు మంచివారి నోట నానినచో రహిత శబ్దమునకును ఆ భాగ్యము కలుగవచ్చును. కాని మా పిల్లవాని విన్నపమునకు అంత వ్యవధి లేదు. ఇక కారు అను మాటయే యున్నదే, అది ఇంగ్లీషు బండి రాకమునుపే మన భాషలో కాపురమున్నది. కారనగా ఋతువు, విశేషించి వానకారు. కారనగా నలుపు, కారుమబ్బు. కారనగా మనుష్యుడు మెలగని చోటు, కారడవి. "కారు లేని వీధి" యన్నచో మా ముత్తాత చెవికి వాన కురియని యొక యేడు వినబడియుండును.

ఇతరులు ఏమనుకొనుచున్నారో యని విచారించితిని. కోపెన్‌హేగన్ నగరమువారు 1962లో తమ నడివీధి నుండి కార్లను తొలగించి చూచి, ఆ యేర్పాటునే శాశ్వతము చేసిరి. దక్షిణ అమెరికాలోని బొగోటాలో 1974 నుండి నడచుచున్న ఆదివారపు ఏర్పాటును "సిక్లోవియా" యందురు. సైకిలు దారి యని దాని యర్థము. 1970 ఆగస్టు 2న టోక్యోవారు గింజా మొదలగు వీధులను ఆదివారములు నడకకు విడిచి, ఆ చోటును "హొకోషా తెంగొకు" అనిరి. అనగా పాదచారుల స్వర్గము. ఈ మాటలో తొలగింపబడినది ఏదియు లేదు, లభించినది మాత్రమే యున్నది. అన్నిటికన్న నా మనసునకు హత్తినది హాలండువారి "వోనెర్ఫ్". కాపురముండు పెరడు అని దాని భావము. 1976లో వారు దానికి చట్టరూపము కూడ నిచ్చిరి. ఆ వీధిలో పిల్లలాడుకొనవచ్చును. కారు రావచ్చును గాని మనిషి నడక వేగముననే, అతిథివలె, రావలెను.

ఆ మాట చదివినప్పుడు నాకు తట్టినది మన వాకిలి. మా ప్రాంతపు స్త్రీ వేకువనే లేచి వాకిట సాన్పి చల్లి ముగ్గు పెట్టునప్పుడు, ముగ్గు గడపవద్దనే ఆగిపోదు. గల్లీ సగము దాక పోవును, పండుగనాడు ఎదుటియింటి ముగ్గును తాకును. ఏ చట్టమును అడుగక, ఏ పలకయు పాతక, పిండిగీతతో ఆమె ప్రతిదినమును వీధిలో సగమును ఇంటిలో కలుపుకొనుచున్నది. తరువాత వచ్చు చక్రము దానిని చెరపును. మరునాడు మరల పెట్టును. వాడ యను మాటయు నిట్టిదే. వేములవాడ పేరులో నిలిచియున్న ఆ వాడ ఇండ్ల వరుసయే గాని దారి కాదు. నడుమనున్న దారి ఇండ్లకు చెందినది గాని ఇండ్లు దారికి చెందినవి కావు. తెలుగువాడు నేలమీది దారులను ఎంత చక్కగా వేరుపరచుకొనెనో చూడుడు: కాళ్లు వేసినది కాలిబాట, బండ్లు వేసినది బండ్లబాట, ఊరు దాటించునది తొవ్వ, ఉర్దూతో వచ్చి మనదైపోయినది సడకు, ఇండ్ల నడుమ నుండునది గల్లీ. ఇన్ని పేర్లు పెట్టుకొన్నవాడు అన్నిటిని కలిపి రోడ్డు అనుటకు అలవాటు పడినప్పటినుండి, అన్నియు ఒక్క పనికే యైపోయినవి.

నా చిన్ననాటి సిరిసిల్లను ఇచ్చట చెప్పక తీరదు. మా మేనమామలది అచ్చటి నేతకుటుంబము. వేసవి సెలవులలో నేను అచ్చటికి పోయినప్పుడు తెల్లవారకమునుపే నన్ను లేపునది వీధిలోని అలికిడి. పడుగును వీధి పొడవునా చాచి, నడుమ నడుమ కర్రల ఊతలు నిలిపి, గంజి పట్టించి, ఇరుప్రక్కల నిలిచినవారు పెద్దకుంచెలతో నూలును దువ్వుచు, ఒక కొసనుండి మరియొక కొసకు నడచిపోవుదురు, మరల వత్తురు. పోగు పోగునకు అంటుకొనరాదు, ఎండ ముదిరి నూలు పెళుసు కారాదు. కావున ఆ పని సూర్యుడు పైకెక్కక మునుపే ముగియవలెను. మగ్గము ఇంటిలో నుండెడిది గాని, మగ్గములో సగము వీధియే. వీధి లేనిచో పడుగు లేదు, పడుగు లేనిచో చీర లేదు. ఆ వేళ ఎడ్లబండి వచ్చినచో బండివాడు మలుపుననే ఎడ్లను నిలిపి, "ఇంకెంతసేపే మామా?" అని కేకవేయును, "అయిపాయె, జరాగు" అని ఇటునుండి బదులు పోవును, అతడు దిగి, కాడిమీద చేయి వేసి, ఆ నూలును చూచుచు నిలుచుండును. అతనిని ఆపినది ఆజ్ఞ కాదు. పోగు తెగినచో ఒక యింటి పదిదినముల కూడు తెగునని అతనికి తెలియును.

తరువాత సాంచెలు వచ్చినవి. మరమగ్గమును సిరిసిల్లలో సాంచె యందురు. నేడు ఆ పట్టణమున పాతికవేలకు పైగా నున్నవని లెక్క చెప్పుదురు. 2017 మొదలు కొన్నియేండ్లు రాష్ట్రమంతట ఆడబిడ్డలకు పంచిన బతుకమ్మ చీరలలో పెక్కు ఆ సాంచెలమీద నేసినవే. పడుగు షెడ్డులోనికి పోయెను. దూలమువంటి ఇనుప భీముకు చుట్టుకొనెను. వీధితో దానికి పని తీరిపోయెను. చేతిమగ్గము కాలమంతయు సుఖముగా నుండెనని నేననను. మా మామల యింట పస్తులున్న దినములు నాకు జ్ఞాపకమున్నవి. బతుకుతెరువు వెదకుకొనుచు భివండికి, షోలాపురమునకు పోయినవారు మా చుట్టములలోనే పెక్కుమంది. నేను చెప్పునది ఒక్కటే: పడుగు లేచిపోయిన మరునాడు ఆ వీధి దినమునకు కొన్ని గడియలు ఎవరిదియు కాకుండెను, ఎవరిదియు కాని చోటును మోటారుబండి తనదిగా చేసికొనెను. అది బలముచే గెలిచినది కాదు, ఖాళీగా దొరికినది. ఇప్పుడు అదే గల్లీలో సామాను ఆటోలు, మోటారు సైకిళ్లు బారులు తీరి నిలిచియుండగా, షెడ్డు విడిచి వచ్చిన కార్మికుడు చెవులలోని సాంచె మ్రోత ఇంకను అణగకయే హారను మ్రోతలో కాలుపెట్టుచున్నాడు.

మా కోరుట్లలో కథ మరియొక తీరుగా నడచెను. ఇచ్చట వీధి పని మగవారిది కాదు, ఆడవారిది. తునికాకు కట్ట, తంబాకు, కత్తెర, దారము చాటలో పెట్టుకొని నీడయున్న అరుగు వెదకుకొని ఆరేడుగురు కూర్చుండి బీడీలు చేసెడివారు. చేతులు ఆడుచుండగానే పెండ్లిండ్లు కుదిరెడివి, అప్పులు పుట్టెడివి, పసిబిడ్డలు ఒకరి ఒడినుండి మరియొకరి ఒడికి మారెడివారు. నిజామాబాదు నుండి జగిత్యాలకు పోవు 63వ జాతీయ రహదారి మా పట్టణము నడుమగా పోవును. దాని ఈవల మా యిల్లు. ఆవల మా అమ్మ చిన్ననాటి నేస్తురాలి యిల్లు. నలుబదియేండ్లు ఇద్దరును చాట పట్టుకొని ఒకరి అరుగునకు ఒకరు పోయిరి. రోడ్డు వెడల్పైన తరువాత, లారీలు మిక్కుటమైన తరువాత, ఒకనాడు మా అమ్మ రోడ్డంచుదాక పోయి, చాలసేపు నిలుచుండి, తిరిగివచ్చెను. ఏమనియు అనలేదు. మరల పోలేదు. ఎనుబది అడుగుల దూరమున ఉన్న ఆ ఇద్దరు ముసలమ్మలు ఇప్పుడు మనుమల చేతి ఫోనులలో మాట్లాడుకొనుచున్నారు. ప్రమాదములకు లెక్కలున్నవి, తప్పించుకొని తిరుగుటచే జరుగకపోయిన ప్రమాదములకు చెల్లించిన వెలకు లెక్క ఏ కార్యాలయమునను వ్రాయబడదు.

అయినను ఈ మూడు పట్టణములలోను వీధి యేటికొకసారి తన మొదటి యజమానులను గుర్తుపట్టును. సద్దుల బతుకమ్మ నాటి సాయంకాలము గునుగు, తంగేడు, బంతి పేర్చిన బతుకమ్మలు వీధి నడుమకు వచ్చిన క్షణము, పలక లేకయే, తాడు కట్టకయే, బండ్లు ఆగిపోవును. మూడేండ్ల క్రిందట మా గల్లీ మొగన ఒక కుర్రవాడు మోటారుసైకిలు మీద వచ్చి, "అమ్మా, జర తొవ్వియ్యుండ్రి" అని వేడెను. వలయములోని ఒక పెద్దామె చప్పట్లు ఆపకయే, "దిగి నూక్కుంట పో బిడ్డా, ఇయ్యాల తొవ్వ అమ్మదే" అనెను. అతడు దిగి, బండి ఆపివేసి, చెప్పులు హ్యాండిలుకు తగిలించి, గోడవార త్రోసికొని పోయెను. ఎవరును అతనిని నిషేధింపలేదు. అతడు దిగవలసిన స్థలమునకు వచ్చినాడు, దిగినాడు.

జగిత్యాలకును ఈ విషయమున ఒక పూర్వస్మృతి యున్నది. 1978 సెప్టెంబరు 7న చుట్టుప్రక్కల పల్లెల రైతుకూలీలు వేలకొలది నడచివచ్చి ఆ పట్టణపు వీధులను నింపిన దినమును చరిత్ర జగిత్యాల జైత్రయాత్ర యని పిలుచుచున్నది. దాని రాజకీయమును గూర్చి తలకొక అభిప్రాయ ముండవచ్చును. కాని, దొర యెదుట చెప్పులు చేతబట్టుకొని ప్రక్కకు ఒదుగవలసిన మనిషి వీధి నడుమ నడచుటయే ఒక జయముగా లెక్కింపబడిన నేల యిది. నడకకు ఇచ్చట ఉన్న బరువు తక్కిన యూళ్లలో నుండకపోవచ్చును.

రాజధానిలో ఈ పని జరిగియే యున్నది. 2021 ఆగస్టు చివరి ఆదివారమునుండి హైదరాబాదు ట్యాంక్‌బండు మీద ఆదివారము సాయంకాలములు వాహనములను నిలిపి నడచువారికి విడిచిరి. నాటి పురపాలక మంత్రి కె. తారక రామారావు సిరిసిల్లనుండి ఎన్నికైనవారే. ఏర్పాటు చక్కనిది, దానికి పెట్టిన "సండే ఫండే" యను పేరు మాత్రము ట్యాంక్‌బండుమీద వరుసగా నిలిచియున్న తెలుగు మహనీయుల విగ్రహములయెదుట పరాయిగా తోచెను. ఆ అక్టోబరులోనే చార్మినారు వద్ద మొదలుపెట్టినదానికి "ఏక్ శామ్ చార్మినార్ కే నామ్" అనిరి. చార్మినారు పేర ఒక సాయంకాలము! ఉర్దూవారికి నేను తలవంచితిని. అందు వాహనము ప్రసక్తియే లేదు. సాయంకాలమును కానుకగా ఇచ్చిరి.

పేరు కేవలము అలంకారమనుకొనువారితో నేను ఏకీభవింపను. మాట తప్పినచో న్యాయము తప్పును. వాహనమనగా మోయునది. వాహనరహిత మని పలక పాతిననాడు, గడియార స్తంభము క్రింద జామపండ్లమ్ము తోపుడు బండి వాహనమా కాదా? కాళ్లు లేనివాని చేతి మూడుచక్రముల బండి వాహనమా కాదా? పలకను అక్షరాలా చదువు ఉద్యోగి ముందుగా ఆపునది వారినే. పెద్దకారు లోనివాడు ఫోను చేసి పోవును. అచ్చటి దుకాణదారుల భయమును త్రోసివేయదగినది కాదు. బండి ఆగని చోట బేరము జరుగదని వారు దిగులుపడుచున్నారు. చక్రమును శత్రువుగా చూడక, మనిషిని ముందుంచు మాట కావలెను.

ఆ మాట నాకు నిఘంటువున దొరకెను. నిజమునకు అది ఎన్నడును పోలేదు, నేనే దానిని మరచియుంటిని. సంస్కృతమున వీధికి రథ్య యని పేరు. రథములు పోవునది కావున రథ్య. అమరసింహుడును వీధి పేర్లు చెప్పుచోట దానిని చేర్చెను. మిథ్య ప్రాకృతమున మిచ్ఛా యైనట్లు, రథ్య రచ్ఛా యయ్యెను. అది తెనుగు గడప త్రొక్కి రచ్చ యయ్యెను. రచ్చ! ఊరి నడుమ, వేపచెట్టు క్రింద, బండమీద నలుగురు కూడి కూర్చుండు చోటు, రచ్చబండ, రచ్చచావడి, ఇంట గెలిచి గెలువవలసిన రచ్చ. సంస్కృతమున రథములు పరుగెత్తిన మాట తెలుగునకు వచ్చునప్పటికి రథమును దిగి, మనుష్యుల నడుమ కూర్చుండెను. ఏ రాజును శాసింపలేదు, ఏ పండితుడును సవరింపలేదు. పేరు తెలియని మన పూర్వులు ఆ మాటను వాడుచు వాడుచు రథమును బయటికి పంపి, నేలను నిలుపుకొనిరి. రథమును నిషేధింపలేదు కూడ. ధర్మపురి నరసింహస్వామి రథము నేటికిని రచ్చలోనికే వచ్చును, కాని మనుష్యుల చేతులు లాగగా, మనుష్యుల అడుగు వేగమున.

ఇది చెప్పినప్పుడు నా కంఠము వణకెనని మా తమ్ముని కొడుకు తరువాత ఇంటిలో చెప్పెనట. కాని అప్పుడు అతడు ముఖము చిట్లించి, "రచ్చ అంటే లొల్లి గద పెద్దబాపూ? రచ్చ రచ్చ చేసిండ్రు అంటరు" అనెను.

అతనిది తప్పు కాదు, నేటి యర్థమదియే. ఇంటి తగవు నలుగురి యెదుటికి వచ్చినచో రచ్చకెక్కిన దనిరి; క్రమముగా ఎక్కిన చోటు పోయి, ఎక్కిన తగవే రచ్చ యయ్యెను. కూర్చుండు బండలు తరిగిన కొలది ఆ చోటి పేరునకు చోటు లేకపోయెను, మిగిలినది రొద. నేను అతనికి ఈ మాత్రమే చెప్పితిని: తీర్పు చెప్పుటకును, కథ వినుటకును, ఒగ్గుడోలు మ్రోగుటకును, ముసలివారు ఊరక కూర్చుండుటకును ఒకే చోటుండిన కాలమున లొల్లి అందులో ఒక పాలు మాత్రమే. ఆ తక్కిన పాళ్లను తిరిగి తెచ్చినచో మాట తానే కోలుకొనును. మాటను ముందు బాగుచేసి తరువాత వీధిని బాగుచేయలేము; రెండును ఒక్కసారియే కావలెను.

అతడు చాలసేపు కలము కొరుకుచు కూర్చుండెను. పిమ్మట పాత తలకట్టును కొట్టివేసి వ్రాసెను: ఆదివారము సాయంత్రము ఐదు గంటలనుండి తొమ్మిదింటి దాక టవరు చుట్టు వీధులు రచ్చగా ఉండవలెనని కోరుచున్నాము, తోపుడు బండ్లును, నడువలేనివారి బండ్లును, ఆపదలో నున్నవారి బండియు మనుష్యుల వెంట రావచ్చును. కూర్చుండుటకు బల్లలు ఎచ్చటినుండి తెచ్చెదరని నేను అడుగగా, ఎవరి కుర్చీ వారు తెచ్చుకొందురని చెప్పెను.

లోపల గడపవద్ద కూర్చుండి తునికాకు లేని చాటలో బియ్యము ఏరుచున్న మా అమ్మ ఇదంతయు వినుచున్నదని మేమెరుగము. తల యెత్తకయే, "గా రచ్చేదో మన రోడ్డు మీద ఎప్పుడు పెడ్తరురా?" అనెను.

అతడు కాగితము తిప్పి, అడుగున నున్న ఖాళీని చూచి, మరల కలము తీసెను.